ఒక పూట మెడలో నగ

ఈ నాలుగు మాటలు రాసుకుంటున్న వేళ నా మెడలో నాది కాని గొలుసు ఒకటి ఉంది. మా వారు పోయిన నాటి నుంచి బోసిగా ఉన్న మెడ ఇది. పొద్దున పాలు పోయడానికి వచ్చిన మనిషి నన్ను చూసి, చూపు పక్కకు తిప్పుకొని, మళ్ళీ ఒకసారి చూసి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది. అడిగి ఉంటే చెప్పేదాన్నే. నిన్న సాయంత్రం మా అబ్బాయి కొట్టుకు (కొట్టు అంటే వాడికి కోపం, షోరూము అనాలి) సముద్రపు ఒడ్డు పాళెం నుంచి ఒక పెళ్ళికూతురు వచ్చి, అద్దాల బల్ల మీద అన్నీ వెతికి వెతికి ఒక గొలుసు ఎంచుకొని, అంతా అయిపోయాక, డబ్బా చేతికి ఇయ్యబోతే పుచ్చుకోలేదట. కొట్టు ఇంటి అవ్వ ఒక పూట మెడలో పెట్టుకొని ఇస్తే తప్ప గొలుసు తమ గడప తొక్కకూడదని వాళ్ళ జేజి, అంటే అమ్మమ్మ, గట్టిగా చెప్పి పంపిందట. అమ్మకానికి నిలబడే ఆడపిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. మా వాడు మెట్లెక్కి పైకి వచ్చి, నా ఎదురుగా నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. పెళ్ళి గొలుసు కదమ్మా అని మొదలుపెట్టి, ఆ తరువాత మాట మింగేశాడు. వాడు మింగిన మాట ఏమిటో మన వయసు వాళ్ళకు విప్పి చెప్పనక్కరలేదు. నేను చేయి చాపాను.

ఆ జేజి ఎవరో నాకు వెంటనే తెలిసింది. ఆమె ఇంకా బతికే ఉందని, నన్ను మరిచిపోలేదని తెలిసి, చెప్పొద్దూ, గుండె నిండిపోయింది. ఆమె సంగతి చెప్పాలంటే ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. అత్తగారి సంగతి చెప్పాలంటే కొట్టు సంగతి చెప్పాలి.

మాది అల్లూరు. ఒక పక్కకు నడిస్తే కనుచూపు మేర వరి మళ్ళు, మరో పక్కకు పోతే ఇసుక దిబ్బలు దాటి సముద్రం. అందుకే మా కొట్టుకు రెండు కాలాలు ఉండేవి. వరి కోతలు అయ్యాక రెడ్లు, నాయుళ్ళు బండ్లు కట్టుకొని ఇంటిల్లిపాదీ వచ్చేవారు. వేట బాగా సాగిన నెలల్లో పాళెం ఆడవాళ్ళు చేపలమ్ముకొని తిరిగి పోతూ పోతూ ఖాళీ బుట్టలు అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేవారు. మా మామగారి తండ్రి ఆ అరుగు మీదనే కుంపటి పెట్టుకొని పని మొదలుపెట్టాడట. మామగారి నాటికి ముందు గది కొట్టు అయింది, వెనక ఇల్లు, మధ్యన ఒక గడప. ఆ గడపకు అవతల ఊదుగొట్టం, సుత్తి చప్పుడు. ఇవతల రోలు, పొయ్యి, బావి. ఇంటికి, కొట్టుకు ఉన్న దూరమంతా అంతే.

నేను బిట్రగుంట పిల్లను. మా నాన్న రైల్వేలో పని చేసేవాడు. కాలనీలో మా ఇల్లు, మా ఇంటి గడియారం రైళ్ళు. ఏ బండి వచ్చింది, ఏ బండి పోయింది అన్నదాన్ని బట్టి మా అమ్మ అన్నం వార్చేది. నగ అంటే పెట్టెలో అడుగున గుడ్డలో చుట్టి ఉండేది, పెళ్ళికో పేరంటానికో తీసి పెట్టుకొని, ఇంటికి రాగానే విప్పి మళ్ళీ చుట్టి పెట్టేది అని మాత్రమే నాకు తెలుసు. అటువంటి దాన్ని కాపురానికి వచ్చిన మొదటి రోజు పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, మా అత్తగారు పాత నూలు చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకొని, మెడ నిండా కాసుల పేరు వేసుకొని పిండి రుబ్బుతోంది. ఒళ్ళంతా చెమట, చేతులకంతా పిండి, గుండెల మీద కాసులు గలగల. నేను నోరు తెరుచుకొని నిలబడిపోయాను. మరునాడు చూస్తే కాసుల పేరు లేదు, అడ్డిగ ఉంది, అడ్డిగతోనే బావిలో నీళ్ళు తోడుతోంది. ఆ తరువాత ఒక రోజు ముత్యాలు కూర్చిన గొలుసు, మరొక రోజు చంద్రహారం. ఆమె ఎంత కలవారి ఆడబిడ్డో, ఎన్ని నగలు ఉన్నాయో అని నేను లోలోపల లెక్కలు వేసుకుంటూ, అడగడానికి బిడియపడి ఊరుకున్నాను.

పుట్టింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రం ఊరుకోలేదు. మా అత్తగారు రోజుకొక నగ మారుస్తుందని, ఇంట్లో పెట్టుకొనే నగలే అవైతే దాచుకొనేవి ఎన్ని ఉంటాయోనని కాలనీ అంతా టాంటాం వేశాను. మా అమ్మ నమ్మింది. నన్ను దిగబెట్టడానికి అల్లూరు వచ్చినప్పుడు ఉన్న పట్టుచీరల్లో మంచిది కట్టుకొని మరీ వచ్చింది. ఆ రోజు మా అత్తగారి మెడలో తాళి తప్ప ఇంకేమీ లేదు. మా అమ్మ ఆమె మెడ వంక, నా మొహం వంక మార్చి మార్చి చూసి, నన్ను పెరట్లోకి లాక్కుపోయి, ఈ మధ్యలో ఇంట్లో ఏమైనా దొంగతనం జరిగిందా అని గుసగుసగా అడిగింది. ఆ గుసగుస బావి దగ్గర ఉన్న అత్తగారి చెవిన పడింది. ఆమె నవ్విన నవ్వుకు మామగారు ఊదుగొట్టం కింద పెట్టి లోపలికి వచ్చారు, సంగతి విని ఆయనా నవ్వారు. అప్పటికి గాని నాకు ఆ ఇంటి పని తెలియలేదు.

మా అత్తగారికి నగలు లేవు. చెవులకు కమ్మలు, మెడలో తాళి, అంతే ఆమె సొత్తు. ఆమె పెట్టుకొనేవన్నీ పరాయి వాళ్ళవి. మామగారు నగ పూర్తి చేసి, కుంకుడుకాయ నీళ్ళలో కడిగి, మెరుగు పెట్టి, గడప దగ్గరికి వచ్చి నిలబడేవారు, పిలిచేవారు కూడా కాదు. ఆమె చేస్తున్న పని ఆపి, చేతులు తుడుచుకొని వచ్చి, మెడ వంచేది. ఆయన కొక్కెం తగిలించేవారు. ఆ పూటంతా ఆమె ఆ నగతోనే రుబ్బేది, తోడేది, వంగేది, లేచేది, తలదువ్వుకొనేది, బిడ్డలను చంకనెత్తుకొనేది. కూర్చున్న మనిషికి ఏ నగైనా బాగానే ఉంటుందని, పని చేసే మనిషికి బాగుంటేనే అది నగ అని మామగారి మతం. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె తీర్పు చెప్పేది. కొక్కెం కాస్త వదులు, ఎడమ పక్క అంచు గీరుతోంది, వెంట్రుకలు పట్టి లాగుతోంది, చీర పోగు తగులుకుంటోంది అని. ఊళ్ళో ఎవరితోనూ మాటకు మాట అనని మామగారు ఆ ఒక్క వేళ మాత్రం ఆమెతో పోట్లాడేవారు. అక్కడ అంచే లేదే, ఎట్లా గీరుతుంది అనేవారు. పోట్లాడుతూనే అన్నం ముగించి పోయి, ఇనుప ఆకురాయి తీసుకొని, ఆమె చెప్పిన చోటనే అరగదీసేవారు.

ఇది రహస్యమేమీ కాదు. ఊరందరికీ తెలుసు. పసుపు నీళ్ళతో కడిగి, కుంకుమ అద్ది ఇచ్చేవారు కనుక ఎవరికీ పట్టింపు ఉండేది కాదు సరికదా, ముత్తైదువ ఒక పూట పెట్టుకొని ఇచ్చిన సొమ్ము అని కళ్ళకద్దుకొని తీసుకొనేవారు. నగ తీసుకోవడానికి పెళ్ళికూతురు తానే వస్తే మాత్రం మా అత్తగారు గడప దాటి వచ్చి, తన చేత్తో ఆ పిల్ల మెడలో వేసి, ఎప్పుడూ ఒకే మాట అనేది.

“పెట్టుకోని మరిచిపో తల్లీ.”

ఇదేమి దీవెన అని నాకు చాలా కాలం అర్థం కాలేదు.

అట్లా ఏళ్ళు నడిచాయి. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మా వారు తండ్రి పక్కన కూర్చొని పని నేర్చుకున్నారు. ఒక వానాకాలం, ముసురు పట్టి వీధులన్నీ బురదగా ఉన్న రోజుల్లో, మామగారు జ్వరం అని పడుకొని మళ్ళీ లేవలేదు. కర్మలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, కుంపటి మళ్ళీ రాజుకుంది. మా వారు తండ్రి కూర్చున్న చోట కూర్చొని మొదటి నగ పూర్తి చేసి, అలవాటు కొద్దీ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పొయ్యి దగ్గర ఉన్న మా అత్తగారు, అదీ అలవాటే, చేతులు తుడుచుకుంటూ లేచింది. లేచి, రెండడుగులు వేసి, ఆగిపోయింది. ఆయన తల దించుకున్నారు. ఆమె వెనక్కి తిరిగి పోయి, నన్ను పంపింది.

ఆ రోజు నుంచి ఆ పని నాదయింది. అత్తగారు గడప వైపుకే రావడం మానేసింది. పెళ్ళిళ్ళకు పోయే సొమ్ము ఉండే చోట తన నీడ కూడా పడకూడదని ఆమె పెట్టుకున్న కట్టడి. రావద్దని ఎవరూ అనలేదు, ఆ కట్టడి వద్దని కూడా ఎవరూ అనలేదు. పెరట్లో కొట్టుకు వీపు పెట్టి కూర్చొనేది. లోపల సుత్తి చప్పుడు అయినప్పుడల్లా ఆమె చేయి తెలియకుండానే మెడ దగ్గరికి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అన్నం తగ్గించేసింది, మాట తగ్గించేసింది. నాకు భయం వేసేది. మామగారితో పాటు ఈమె కూడా పోతుందేమో, ఇంకొక వానాకాలం చూడదేమో అనిపించేది.

నా మెడ చూస్తే వట్టి దండగ మెడ. ఏ నగ పెట్టినా విగ్రహం లాగా బిగుసుకుపోయి, ఎక్కడ తెగుతుందో, ఎక్కడ పిండి అంటుతుందో అని దాని మీదే ప్రాణం పెట్టుకొని పూట గడిపేదాన్ని. మధ్యాహ్నం మా వారు అడిగితే బాగుంది అనేదాన్ని. అన్నీ బాగున్నాయి అంటే ఎట్లాగే అని ఆయన విసుక్కొనేవారు. ఒకసారి ఉండబట్టలేక, ఎవరూ లేకుండా చూసి, ఒక హారం అత్తగారి దగ్గరికి పట్టుకుపోయి, కాస్త చేతితోనైనా చూసి చెప్పు అత్తా అన్నాను. ఆమె రెండు చేతులూ వెనక్కి లాక్కుంది.

“పెండ్లికూతురికి పొయ్యే సొమ్ము. నా చేతికియ్యబాకమ్మా.”

అంతే. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

అప్పుడు వచ్చింది పాళెం అక్క, నిన్నటి పిల్లకు జేజి. మా అత్తగారిని పెద్దమ్మ అని పిలిచేది కనుక నేను ఆమెను అక్కా అనేదాన్ని. మొగుడు సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదు. ఉన్న ఒక్క కూతురిని ఎండుచేపలు అమ్మి పెంచింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టు మీద నుంచి పడవకు వినిపించేంత. కూతురి పెళ్ళికి గొలుసు చేయమని చెప్పి పోయి, అన్న రోజుకు వచ్చి, బుట్ట అరుగు మీద పెట్టి లోపలికి వచ్చింది. మా వారు గొలుసు ముందు పెట్టారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పెద్దమ్మ పెట్టుకొనిందా అని అడిగింది. మా ఆడమనిషి పెట్టుకుంది అని ఆయన నన్ను చూపించారు. ఆమె నన్ను పైకి కిందికి ఒకసారి చూసి పకపక నవ్వింది.

“ఈ పిల్ల మెడకేం తెలస్తాదన్నా, మొన్ననే మొలిచినట్టుండాది.”

నవ్వుతూనే గొలుసు చేతిలోకి తీసుకొని, ఎవరినీ అడగకుండా, ఊళ్ళో మరొకరెవరూ దాటని ఆ గడప దాటి లోపలికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. మా వారు లేచి గడప దగ్గర నిలబడిపోయారు. పెరట్లో అత్తగారు ఎప్పటిలాగా వీపు తిప్పి కూర్చొని ఉంది. అక్క పోయి ఆమె ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చుంది. వచ్చిన సంగతి చెప్పింది. అత్తగారు నేల వంక చూస్తూ, నెమ్మదిగా, పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“నేను పెట్టుకోగూడదు గదమ్మే. నీకు తెలవనిదేముండాది.”

“తెలవకేం పెద్దమ్మా, నేనూ నీ మాదిరేగా. నా బిడ్డకు తల దువ్వేదానికి, బువ్వ పెట్టేదానికి ఈ చేతులు పనికొచ్చినాయి. ఈరోజు దాని పెండ్లికి పనికి రావంటే నేనొప్పుకుంటానా?”

అత్తగారు తల అడ్డంగా ఊపింది. అక్క గొంతు ఒక్కసారిగా పెరిగింది.

“నీ మెడ మంచిదా చెడ్డదా అని నేనడగలా. నా గొలుసు మంచిదా కాదా, అది చెప్పు.”

ఆ మాటకు అత్తగారు తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. ఏమి అనబోయిందో గాని అక్క ఆ వ్యవధి ఇయ్యలేదు, మోకాళ్ళ మీద లేచి, ఆమె మెడ చుట్టూ గొలుసు వేసి, కొక్కెం తగిలించి, సాయంకాలం వస్తానని చెప్పి, బుట్ట ఎత్తుకొని బజారుకు పోయింది. మా అత్తగారు చాలా సేపు కదలలేదు. గొలుసు మీద చేయి కూడా వేయలేదు. ఆ తరువాత, బహుశా కూర్చొని ఉండలేక, లేచి పోయి నీళ్ళు తోడింది. తోడిన నీళ్ళతో అంట్లు తోమింది. తోమినవి ఎత్తి పెట్టి, నేను నానబోసిన పప్పు నా చేతిలోంచి లాక్కొని రోట్లో వేసి రుబ్బడం మొదలుపెట్టింది. నేను స్తంభం చాటున నిలబడి చూస్తూనే ఉన్నాను. రుబ్బుతూ రుబ్బుతూ ఆమె మొహం మెల్లగా మామూలు మొహం అయింది. పిండి సగంలో ఉండగా చేయి ఆగింది. మెడ ఒక పక్కకు వంచి, ఎన్నో నెలలుగా వినపడని గొంతుతో, గడప అవతల కొట్టులోకి వినబడేట్టు కేక వేసింది.

“ఒరే అబ్బయా, కొక్కెం పక్కన గీరతా ఉండాది. ఆకురాయి పట్టు.”

మా వారు ఆకురాయి తీసుకొని వచ్చారు. ఆమె మెడ వంచింది. గొలుసు తీసి అరగదీస్తుంటే ఆయన కళ్ళ నీళ్ళు ఆ గొలుసు మీదనే పడ్డాయి. అక్కడ అంచే లేదే అన్నారు, అచ్చం మామగారిలాగా. ఆమె నవ్వింది. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదని చెబితే మీరు నమ్మాలి.

అయితే అందరూ పాళెం అక్కలు కారు. మడి ఆచారం ఎక్కువ ఉన్న ఇళ్ళ వాళ్ళు చిన్నామె పెట్టుకుంటేనే ఇప్పించండి అని ముందే చెప్పేవారు. మేము ఎవరితోనూ వాదించలేదు, ఎవరికీ దాచి ఇయ్యనూ లేదు. వాళ్ళ నగ నా మెడలో, పాళెం వాళ్ళ నగ అత్తగారి మెడలో, ఒకే రోట్లో ఇద్దరం మార్చి మార్చి రుబ్బేవాళ్ళం. నాకు పని వచ్చింది ఆ రోజుల్లోనే. ఎందుకు నా మెడకు ఏమీ తెలియడం లేదని అడిగితే ఆమె చెప్పింది.

“నువ్వు మెడనే కావిలి కాస్తా ఉండావు గదా. మరిచిపోయి పని చేసుకో. అది నీకు గుర్తొచ్చిందా, దాంట్లో తప్పుండాది. గుర్తు రాలేదా, మంచి నగ.”

అప్పటికి గాని నాకు ఆమె దీవెన అర్థం కాలేదు. పోనుపోను పెద్ద ఇళ్ళ వాళ్ళు కూడా, నగ ఒంటికి సుఖంగా ఉండాలంటే పెద్దామె మెడకే పంపాలని గుట్టుగా అడగసాగారు. ఆమె చాలా ఏళ్ళు బతికింది, తృప్తిగా బతికింది. చివరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా, ఏదైనా నగ పూర్తయితే తెచ్చి వెయ్యమనేది, పక్క మీద అటూ ఇటూ దొర్లి తీర్పు చెప్పేది.

ఆ తరువాత కథ మీకు తెలిసిందే, అన్ని ఊళ్ళలో జరిగిందే మా ఊళ్ళోనూ జరిగింది. నగలు తయారై డబ్బాల్లో కోయంబత్తూరు నుంచి రావడం మొదలైంది. మా వారు సుత్తి పక్కన పెట్టి తక్కెడ పట్టుకున్నారు, మా అబ్బాయి తక్కెడ పక్కన పెట్టి కంప్యూటరు పట్టుకున్నాడు. గడప తీసేసి గచ్చు సమం చేశారు, ఇల్లు మేడ మీదికి పోయింది. కింద అద్దాల వెనక నల్ల మఖమలు మెడలు వరసగా నిలబడి ఉంటాయి. వాటికి తల లేదు, చేతులు లేవు, రుబ్బే పని అసలే లేదు. నాకు ఫిర్యాదు ఏమీ లేదు. బంగారం మీద ముద్ర ఉంటుంది, తూకం అణువుతో సహా తెలుస్తుంది, కొనేవాళ్ళకు ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. నా బిడ్డ నిజాయితీగా బతుకుతున్నాడు, కొట్టు నిలబడి ఉంది. అంతకన్నా ఏం కావాలి? మా వారు పోయాక కింద ఏ నగ అమ్ముడయినా నన్ను ఎవరూ పిలవలేదు, నేను వద్దని చెప్పవలసిన అవసరమూ రాలేదు. మా అత్తగారికైనా గడప దగ్గర ఆగిపోయే కష్టం ఉండేది, నాకు ఆ గడపే లేదు.

నిన్న ఆ పిల్ల అడిగేదాకా అదొక లోటు అని కూడా నాకు తెలియలేదు.

పొద్దున్నే మా వాడు కొక్కెం తగిలించాడు. మూడుసార్లు తప్పాడు పాపం, ఎప్పుడూ చేసిన పని కాదు. ములక్కాడలు తరిగాను, చారుకు తాలింపు వేశాను, చెట్లకు నీళ్ళు పోశాను, ఆ తరువాత ఈ కాగితాలు ముందు పెట్టుకొని కూర్చున్నాను. అత్తగారిని తలుచుకొని రాస్తూ రాస్తూ గొలుసు మాటే మరిచిపోయాను. ఇందాక కింద పడిన కలం తీసుకోవడానికి వంగితే, మెడ వెనకాల, కొక్కేనికి కాస్త ఇవతల, చురుక్కుమంది. తడిమి చూస్తే సన్నని పలుకు, కంటికి కనిపించదు. కిందికి కేక వేశాను. మా వాడు పైకి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకొని చూసి, అక్కడ ఏమీ లేదమ్మా, మిషన్ చేసింది అన్నాడు. వాడి తాతా, వాడి తండ్రీ అన్న మాటే వాడూ అన్నాడని వాడికి తెలియదు. నవ్వు ఆపుకోలేకపోయాను.

కింద కొట్టులో ఆకురాయి లేదు, ఏదైనా తేడా వస్తే డబ్బాలో పెట్టి వెనక్కి పంపుతారట. నా ట్రంకు పెట్టెలో ఉంది, మామగారిది. తుప్పు దులిపి, రెండే రెండు సార్లు, నేనే అరగదీశాను. మళ్ళీ మెడలో వేసుకున్నాను. ఇప్పుడు ఏమీ గుర్తు రావడం లేదు.

ఈ కాలపు పిల్లలు నగ పెట్టుకొనేది మరిచిపోవడానికి కాదు, ఫోటోలో గుర్తుండడానికి. తప్పేమీ లేదు, అది వాళ్ళ ముచ్చట. కానీ సాయంకాలం ఆ పిల్ల వస్తుంది. పైకి రమ్మని చెప్పాను. నా మెడలోంచి తీసి నా చేత్తోనే దాని మెడలో వేస్తాను. వేసి ఏం చెప్పాలో నాకు తెలుసు. అన్నేళ్ళు అత్తగారి పక్కన నిలబడి విన్న మాటే, నేనుగా ఇంతవరకు ఎవరికీ అనలేదు. పొద్దుటి నుంచి లోలోపల అనుకుంటూనే ఉన్నాను, ఆ పిల్ల ఎదురుగా తడబడకుండా ఉండాలని.